కంతిలో దాగిన పిండము

అమెరికా సంయుక్త రాష్ట్రముల ఈశాన్యపు కొసన మెయిన్ అను రాష్ట్రము ఉన్నది. దాని తీరమునకు చేరువగా మౌంట్ డెజర్ట్ అను దీవి, ఆ దీవిలో బార్ హార్బర్ అను చిన్న ఊరు. వేసవిలో సంపన్నులు విహారమునకు వచ్చు చోటు అది. కాని శాస్త్రలోకములో ఆ ఊరికి పేరు తెచ్చినవి ఎలుకలు. 1929లో క్లారెన్స్ కుక్ లిటిల్ అను జన్యుశాస్త్రజ్ఞుడు అక్కడ ఒక పరిశోధనాలయమును స్థాపించినాడు. మోటారుకార్ల పరిశ్రమకు చెందిన కొందరు ధనవంతులు దానికి విరాళము లిచ్చినారు. వారిలో ఒకడైన రాస్కో జాక్సన్ పేరు మీదనే అది జాక్సన్ ప్రయోగశాల అయినది. అక్కడ పెంచునది మన ఇండ్లలో తిరుగు చుంచెలుక జాతియే. అయితే ఆ ఎలుకలకు వంశావళి ఉన్నది.

ఎలుక వంశము అనగా ఏమో ముందుగా కొంచెము తెలిసికొనవలెను. ఒకే ఈతలో పుట్టిన ఆడ మగ ఎలుకలను జతకట్టింతురు. వాటి పిల్లలలో మరల తోబుట్టువులనే జతకట్టింతురు. ఇట్లు ఇరువది తరములు గడచినచో ఆ వంశములోని ఎలుకలన్నియు జన్యువుల విషయములో దాదాపు ఒకే అచ్చున పోసినట్లు తయారగును. ఒక దాని చర్మపు ముక్కను మరియొక దానికి అంటుకట్టినచో శరీరము దానిని పరాయిదని త్రోసివేయదు. ఒక వంశములో ఏదైన జబ్బు మాటిమాటికి కనిపించి, మరియొక వంశములో కనిపించకపోయినచో, తేడా ఆహారములో గాక జన్యువులలో ఉన్నదని అనుమానించుటకు వీలు కలుగును. ఇట్టి వంశమును మొట్టమొదట 1909లో ప్రారంభించినవాడు ఈ లిటిలే. అప్పటికి అతడు ఇంకను విద్యార్థి.

1947 అక్టోబరులో ఆ దీవిలో పెద్ద కార్చిచ్చు రేగి ప్రయోగశాలను దగ్ధము చేసినది. వేలాది ఎలుకలు మాడిపోయినవి. దశాబ్దముల తరబడి సాకిన వంశములు ఒక్క రాత్రిలో అంతరించిపోయెడివే. కాని అంతకుముందు ఆ వంశముల ఎలుకలను ప్రపంచములోని అనేక ప్రయోగశాలలకు పంపియుండిరి. ఇప్పుడు వారందరు తమ వద్దనున్న ఎలుకలను తిరిగి పంపినారు. ఇచ్చినది ఎక్కడికీ పోదని మన పెద్దలు చెప్పుమాట ఈ విషయములో అక్షరాల నిజమైనది. అట్లు తిరిగి నిలబడుచున్న ప్రయోగశాలలోనికి 1952లో ఒక యువకుడు ఉద్యోగమునకు వచ్చినాడు. అతని పేరు లీరాయ్ స్టీవెన్స్.

స్టీవెన్స్ 1920లో న్యూయార్క్ రాష్ట్రములోని కెన్మోర్ అను ఊరిలో జన్మించినాడు. కార్నెల్ విశ్వవిద్యాలయములో చదివి, రెండవ ప్రపంచ యుద్ధములో సైన్యములో పనిచేసి, తరువాత రోచెస్టర్ విశ్వవిద్యాలయములో పిండశాస్త్రమున డాక్టరు పట్టము పొందినాడు. బార్ హార్బరులో అతనికి అప్పగించిన పని మాత్రము పిండశాస్త్రమునకు సంబంధించినది కాదు. ఆ రోజులలో సిగరెట్లకును ఊపిరితిత్తుల కాన్సరుకును గల సంబంధము పత్రికల కెక్కుచున్నది. ఒక సిగరెట్ల కంపెనీ ప్రయోగశాలకు డబ్బిచ్చి ఒక ప్రశ్న వేసినది: కాన్సరు కలిగించునది పొగాకా, లేక పొగాకును చుట్టిన కాగితమా? నేరము కాగితము మీదికి పోయిన కంపెనీకి ఎంత ఊరటయో పాఠకులు ఊహించుకొనవచ్చును. దానికై ఎలుకల మీద పరీక్షలు జరుపు పని స్టీవెన్స్ వంతునకు వచ్చినది.

అట్లు ఎలుకలను పరిశీలించుచుండగా 1953 ప్రాంతములో అతనికి ఒక మగ ఎలుక కంటబడినది. అది ‘129’ అను సంఖ్యతో పిలువబడు వంశమునకు చెందినది. దాని వృషణము అసాధారణముగా ఉబ్బియున్నది. పొగాకు పరీక్షకును దీనికిని ఏ సంబంధము లేదు. మరియొకడైనచో దానిని ప్రక్కన పెట్టి తన లెక్కలు తాను చూచుకొని యుండును. స్టీవెన్స్ దానిని కోసి చూచినాడు. లోపల ఒక కంతి ఉన్నది. ఆ కంతిలో ఒకేరకపు మాంసము గాక, ఎవరో ఒక శరీరమును ముక్కలు చేసి కలగలిపి కుక్కినట్లు, మృదులాస్థి, ఎముక, కండరము, నాడీకణజాలము, వెండ్రుకలతో కూడిన చర్మము, గ్రంథులు కనిపించినవి. ఎక్కడ ఉండవలసినది అక్కడ లేదు, అన్నియు మాత్రము ఉన్నవి.

ఇట్టి కంతులను వైద్యులు అంతకు చాల ముందే మనుష్యులలో చూచియున్నారు. అండాశయములోని కంతిని కోయగా అందులో వెండ్రుకల ముద్ద, కొన్ని సమయములలో పండ్లు కూడ బయటపడుట వారికి తెలియును. గ్రీకు భాషలో వికృతాకారమునకు గల పేరునుబట్టి వీటికి టెరటోమా అని నామకరణము చేసినారు. గర్భములోనే కవలపిండము ఒకటి ఇమిడిపోయి ఇట్లయినదని కొందరు, ఇది దైవకోపమని పూర్వులు, ఎవరికి తోచినది వారు చెప్పినారు. నిజము తేలకపోవుటకు కారణము సులభముగనే అర్థమగును. మనుష్యులలో ఈ కంతి అరుదు. కనబడునాటికి అది పూర్తిగా ఎదిగి యుండును. అది మొదలైన క్షణమును చూచుటకు ఎవరికిని వీలుండదు. కాలిపోయిన ఇంటి బూడిదను చూచి నిప్పు ఎక్కడ అంటుకొన్నదో చెప్పుమన్నట్లుండినది.

స్టీవెన్స్ చేతికి చిక్కినది ఈ వీలే. 129 వంశపు మగ ఎలుకలను వరుసగా పరీక్షింపగా సుమారు నూటికి ఒకదానిలో ఈ కంతి కనిపించినది. అతడును లిటిలును కలిసి 1954లో ఈ సంగతిని ప్రకటించినారు. (అదే సంవత్సరము లిటిల్ పొగాకు పరిశ్రమవారు నెలకొల్పిన పరిశోధన సంఘమునకు శాస్త్ర నిర్వాహకుడైనాడు. ఒకే ప్రయోగశాలలోని ఇద్దరి దారులు ఎంత దూరముగ చీలిపోయినవో చూడుడు.) నూటికి ఒకటి అన్న లెక్క చిన్నదే, కాని అది ఆ వంశములో తరతరము వచ్చునదని తెలిసిన తరువాత దానికి విలువ పెరిగినది. కంతి ఏ ఎలుకలో వచ్చునో తెలియకపోయినను, ఏ వంశములో వచ్చునో తెలియును. ఓపిక ఉన్నచో దాని మొదలును వెదకవచ్చును.

ఇక్కడ స్టీవెన్స్ వేసికొన్న ప్రశ్నను గమనింపవలెను. కంతిని ఎట్లు మాన్పవలెనని అతడు అడుగలేదు. ‘ఇది ఎప్పుడు మొదలైనది? ఏ కణము నుండి మొదలైనది?’ అని అడిగినాడు. పిండశాస్త్రము చదివినవానికి సహజమైన ప్రశ్న అది. రాబోవు పదునైదు ఇరువది సంవత్సరములు అతడు ఆ ప్రశ్న వెంటనే నడిచినాడు.

మొదటి ఉపాయము వెనుకకు నడుచుట. పెద్ద ఎలుకలలో పెద్ద కంతులు, పుట్టిన కొద్ది దినముల పిల్లలలో చిన్న కంతులు, మరి పుట్టకముందు? చుంచెలుక గర్భములో సుమారు 19, 20 దినములుండును. స్టీవెన్స్ వివిధ దినముల పిండముల నుండి వృషణములను తీసి, మైనములో పోసి, సన్నని పొరలుగ కోసి, రంగు వేసి, సూక్ష్మదర్శిని క్రింద ఒక్కొక్క పొరను చూచినాడు. నూటికి ఒక దానిలోనే కంతి ఉండును గనుక వందల వృషణములను కోసినగాని పదిపాళ్ల సమాచారమైనను దొరకదు. ఈ పనిలో ఉత్సాహమును రేపునది ఏదియు లేదు. పొర తరువాత పొర, గాజుపలక తరువాత గాజుపలక. ఇట్లు పోగా పోగా గర్భములోని సుమారు 15వ దినమున, వృషణములోని సన్నని నాళికలలో కొన్ని కణములు మాత్రమే గల చిన్న గుంపులు కనిపించినవి. కంతికి ఆది అదే. ఆ కణములు ఇంకను ఏ కణజాలముగను మారలేదు. అవి తొలిదశ పిండములోని కణములవలె ఉన్నవి.

ఇంతలో రెండవ మార్గమున మరియొక విశేషము బయటపడినది. ఒకే వంశపు ఎలుకలు గనుక ఒక ఎలుకలోని కంతి ముక్కను మరియొక ఎలుకలో నాటవచ్చును. చాల కంతులు అట్లు నాటినపుడు పెరుగవు. ఏలననగా వాటిలోని కణములు ఎముకగనో, నాడిగనో స్థిరపడి విభజనము మానివేసినవి. కొన్ని మాత్రము ఎలుక నుండి ఎలుకకు ఎన్ని మారులు నాటినను పెరుగుచునే ఉండును. అట్టి కంతిని ఎలుక కడుపులోని ఖాళీ స్థలములో నాటినపుడు, అక్కడి ద్రవములో తేలుచు వేలకొలది చిన్న చిన్న గోళములు ఏర్పడినవి. స్టీవెన్స్ వాటిని కోసి చూడగా, 5, 6 దినముల వయస్సుగల ఎలుక పిండముల పోలిక స్పష్టముగ కనిపించినది. పైన ఒక పొర, లోపల ఒక పొర, నడుమ కుహరము. వీటికి పిండాభములు అని పేరు పెట్టవచ్చును. కాన్సరు కంతి ఒకటి పిండము యొక్క ఆకారమును అనుకరించుచున్నది! 1959, 1960 సంవత్సరములలో అతడు ఈ విషయములను ప్రకటించినాడు. 1964లో క్లైన్‌స్మిత్, పియర్స్ అను మరి ఇద్దరు శాస్త్రజ్ఞులు ఇట్టి గోళములను విడదీసి, ఒకే ఒక్క కణమును ఎలుకలో నాటి, దాని నుండి పలురకముల కణజాలములు గల పూర్తి కంతి పెరుగునని నిరూపించినారు. అనగా కంతిలోని ఎముక ఒక కణము నుండి, నాడి వేరొక కణము నుండి వచ్చినవి కావు. అన్నిటికిని తల్లి ఒకటే. అట్టి తల్లి కణమునే మనము ఇప్పుడు మూలకణము అనుచున్నాము.

ఆ తల్లి కణము ఎవరు? వృషణములో అనేక రకముల కణములున్నవి. వాటిలో ఆదిబీజకణములు అనునవి కొన్ని. ఇవి పిండము యొక్క మరియొక భాగమున పుట్టి, నడిచి వచ్చి, వృషణము కాబోవు చోట చేరి, ముందుముందు వీర్యకణములగును. స్టీవెన్స్ అనుమానము వీటి మీదికి పోయినది. అనుమానము వేరు, రుజువు వేరు. రుజువు కొరకు అతడు చేసిన పని చాల ముచ్చటయైనది.

మామిడి కొమ్మను మరియొక మొక్కకు అంటుకట్టినట్లు, 12 దినముల పిండము నుండి వృషణము కాబోవు కణజాలపు గట్టును – అది ఆవగింజకన్న చిన్నది – తీసి, పెద్ద ఎలుక వృషణములో అంటుకట్టినాడు. సహజముగ నూటికి ఒకటిగ వచ్చు కంతి, ఇట్లు అంటుకట్టిన వాటిలో నూటికి 80 వరకు వచ్చినది. ఇది 1964లో ప్రకటితమైనది. ఒకటి రెండు దినములు ముదిరిన పిండముల నుండి తీసినచో ఆ సంఖ్య చప్పున పడిపోయినది. మగపిండములో బీజకణములు ఆ దినముల ప్రాంతముననే విభజనము ఆపి కొంతకాలము నిద్రావస్థలోనికి పోవును. ఆ నిద్ర రావలసిన సమయమున రాక, కణము విభజనము కొనసాగించినపుడే కంతికి బీజము పడుచున్నదని దీనివలన ఊహింపవచ్చును.

ఇంకను ఒక మెట్టు మిగిలియున్నది. ఇక్కడ జన్యుశాస్త్రము సహాయమునకు వచ్చినది. ఎలుకలలో ‘స్టీల్’ అను ఒక ఉత్పరివర్తనము కలదు. ఒక ప్రతి మాత్రమే ఉన్నపుడు ఎలుక బొచ్చు ఉక్కురంగు తిరుగును. ఆ పేరు అందుకే. తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి, రెండు ప్రతులును చెడినచో ఆ పిండములో ఆదిబీజకణములు దాదాపు ఉండవు. మెండెల్ సూత్రము చదివిన విద్యార్థులు లెక్క చెప్పగలరు: ఒక్కొక్క చెడ్డ ప్రతిగల తల్లిదండ్రులకు పుట్టు పిండములలో నాలుగింట ఒక వంతు ఇట్టివగును. స్టీవెన్స్ 129 వంశములోనికి స్టీల్ జన్యువును ప్రవేశపెట్టి, అట్టి పిండముల కణజాలపు గట్టులను అంటుకట్టినాడు. బీజకణములున్న గట్టులలో కంతులు వచ్చినవి. బీజకణములు లేనివాటిలో, మిగిలిన కణజాలమంతయు చక్కగ పెరిగినను, కంతులు రాలేదు. 1967లో వెలువడిన ఈ ఫలితముతో వాదము తీరినది. టెరటోమాకు మూలము కవలపిండము కాదు, దైవకోపమును కాదు. వీర్యకణము కావలసిన ఆదిబీజకణము దారి తప్పుటయే.

ఈ స్టీల్ జన్యువు కథ అంతటితో ఆగలేదు. అది తయారుచేయు ప్రోటీను ఏదో 1990లో తెలిసినది. బీజకణములేగాక, రక్తమును పుట్టించు మూలకణములు, చర్మమునకు రంగునిచ్చు కణములు కూడ బ్రతుకుటకు అది అవసరము. అందుకే బొచ్చు రంగు మారుట, రక్తహీనత, సంతానహీనత అను మూడు లక్షణములును ఆ ఒక్క జన్యువుతో ముడిపడియున్నవి.

అంతవరకు స్టీవెన్స్ కంతి నుండి పిండము వైపు వెనుకకు నడిచినాడు. తరువాత ప్రశ్నను తిరుగవేసినాడు. కంతిలోని మూలకణము పిండకణము వంటిదైతే, మామూలు పిండమును అసహజమైన చోట పెట్టినపుడు అది కంతి కావలెను గదా! రెండు కణముల దశ మొదలుకొని ఆరు దినముల పిండముల వరకు తీసి పెద్ద ఎలుకల వృషణములలో నాటినాడు. ఏ దోషమును లేని పిండములు, గర్భములో ఉన్నచో చక్కని ఎలుకపిల్లలు కావలసినవి, అక్కడ కంతులుగ పెరిగినవి. కొన్ని మారుమారు నాటుటకు వీలైన కాన్సరులే అయినవి. 1970లో ఈ సంగతి వ్రాయుచు అతడు ఆ కణములను పిండ మూలకణములని పేర్కొన్నాడు. నేడు లోకమంతట వినవచ్చు మాట అప్పటికి పరిశోధకులలో సైతము కొద్దిమందికే పరిచితము.

ఈ ప్రయోగములో దాగిన అర్థము చాల లోతైనది. మామూలు పిండకణము స్థానబలము తప్పినచో కాన్సరగునని తేలినది. అయితే కాన్సరు కణమును తిరిగి పిండములో పెట్టినచో? అది మరల మంచి కణము కాగలదా? కుమ్మరి సారె మీద వికటించిన మట్టిని మరల ముద్ద చేసి కుండ చేయవచ్చును. జీవకణము విషయములో అట్లు కుదురునని అనుకొనుట అప్పటి కాన్సరు సిద్ధాంతములకు విరుద్ధము. కాన్సరు అనగా మరలి రాని మార్పు అని అందరి నమ్మకము.

స్టీవెన్స్ తన ఎలుకలను, కంతులను అడిగినవారికి ధారాళముగ పంచిపెట్టినాడు. 1967లో ఆరు దినముల పిండము నుండి అతడు పుట్టించిన ఒక కంతి ఎలుకల కడుపులలో ఎనిమిది సంవత్సరములు తరతరములుగ నాటబడుచు వచ్చినది. ఫిలడెల్ఫియాలో బియాట్రిస్ మింట్జ్ అను శాస్త్రజ్ఞురాలు, కార్ల్ ఇల్మెన్సే తోడ్పాటుతో, ఆ కంతి కణములను నల్లబొచ్చు వంశపు తొలిదశ పిండములలో చొప్పించి, ఆ పిండములను పెంపుడు తల్లుల గర్భములలో ఉంచినది. పుట్టిన పిల్లలలో కొన్నిటి ఒంటిమీద నలుపుతో పాటు గోధుమవన్నె చారలు కనిపించినవి. ఆ చారలు కంతి కణములనుండి వచ్చినవి. కాన్సరు కణములు ఆరోగ్యవంతమైన చర్మముగ, రక్తముగ, కాలేయముగ మారి ఎలుక శరీరములో పాలుపంచుకొన్నవి. ఇది 1975 నాటి ఫలితము. అంతకు ఒక సంవత్సరము ముందు రాల్ఫ్ బ్రిన్‌స్టర్ కూడ ఇట్టి చారగల ఎలుకను ప్రకటించియుండినాడు. ఇంగ్లండులో మరియొక బృందము 1975లోనే ఇదే విషయమును చూపినది.

స్టీవెన్స్ చేతిలో మరియొక వంశము కూడ తయారైనది. అందులోని ఆడ ఎలుకలలో, మూడు నెలల వయస్సు వచ్చుసరికి సుమారు సగము వాటికి అండాశయములో టెరటోమాలు వచ్చుచున్నవి. డాన్ వార్నమ్ అను సహచరుడితో కలిసి 1974లో అతడు దాని కారణమును చెప్పినాడు: అండము మగబీజముతో కలియకయే తనంతట తాను విభజింప నారంభించి, కొంతవరకు పిండముగ ఎదిగి, ఆ తరువాత చెదరి కంతి యగుచున్నది.

ఇక కంతి కణములతో పని చేసినవారికి ఒక చిక్కు మిగిలినది. ఎన్నో ఏండ్లు ఎలుక నుండి ఎలుకకు నాటుటచే చాల వాటిలో క్రోమోసోములు చెడినవి. అట్టి కణములు చర్మములో, రక్తములో చేరినను, బీజకణములలో చేరి మరుతరమునకు పోవుట మిక్కిలి అరుదు. కనుక కంతి అను నడిమి మెట్టును వదలి, నేరుగ పిండము నుండియే మూలకణములను తీసి గాజుపళ్లెములో పెంచుట సాధ్యమా అని పలువురు ప్రయత్నించినారు. 1981 జూలైలో కేంబ్రిడ్జిలోని మార్టిన్ ఎవాన్స్, మాథ్యూ కౌఫ్‌మన్ దీనిని సాధించినారు. అదే సంవత్సరము డిసెంబరులో సాన్‌ఫ్రాన్సిస్కోలో గేల్ మార్టిన్ స్వతంత్రముగ సాధించి, పిండ మూలకణములు అను పేరును స్థిరపరచినది. ఎవాన్స్, కౌఫ్‌మన్ వాడిన పిండములు ఏ వంశపు ఎలుకలవి? 129 వంశపువి. ముప్పది ఏండ్ల క్రితము ఉబ్బిన వృషణముతో కంటబడిన ఆ ఎలుక చుట్టములే. మూలకణములను సులభముగ ఇచ్చు గుణము ఆ వంశములో ఎక్కువ; మరికొన్ని వంశముల నుండి వాటిని తీయుట చిరకాలము కష్టముగనే ఉండినది.

ఆ తరువాతి కథ వేగముగ నడిచినది. 1984లో ఎవాన్స్ బృందము ఈ కణములు ఎలుక బీజకణములలో చేరి మరుతరమునకు పోవునని చూపినది. ఇంతలో మారియో కపెకి, ఆలివర్ స్మితీస్ కణములోని ఒకానొక జన్యువును గురిచూచి మార్చు ఉపాయమును వేరువేరుగ కనిపెట్టినారు. రెండును కలియగా, గాజుపళ్లెములోని మూలకణములో కోరిన జన్యువును చెడగొట్టి, దాని నుండి ఎలుకను పుట్టించుట 1989 నాటికి సాధ్యమైనది. ఒక జన్యువు చేయు పని ఏమిటో తెలియవలెనన్నచో, అది లేని ఎలుకను చేసి చూచుటకన్న సూటియైన మార్గము అంతకుముందు లేదు. రక్తపుపోటు, మధుమేహము, కాన్సరు మొదలగు రోగములకు నమూనాలైన వేలాది ఎలుక వంశములు ఇట్లు తయారైనవి. 2007లో కపెకి, ఎవాన్స్, స్మితీస్‌లకు వైద్యశాస్త్రపు నోబెల్ బహుమానము లభించినది. అప్పటికి స్టీవెన్స్ వయస్సు 87 సంవత్సరములు. ఆ బహుమానమును ఒకేసారి ముగ్గురికి మించి ఈయరాదని నియమమున్నది. అయినను ఈ చరిత్ర తెలిసినవారికి నాలుగవ పేరు గుర్తునకు రాక మానదు.

1998లో విస్కాన్సిన్‌లో జేమ్స్ థామ్సన్ మానవ పిండము నుండి మూలకణములను వేరుచేసినాడు. 2006లో జపానులో షిన్యా యమనాక నాలుగు జన్యువులను చొప్పించి, ఎలుక చర్మము నుండి తీసిన మామూలు కణములనే మూలకణముల స్థితికి తిరిగి తీసికొనిపోయినాడు. ఇట్టి కణములు నిజముగ మూలకణములా కావా అని తేల్చుటకు పరిశోధకులు చాల కాలముగ ఒక పరీక్ష వాడుచున్నారు. వాటిని ఎలుకలో నాటి కొన్ని వారములు ఆగుదురు. ఎముక, నాడి, గ్రంథి అన్నియు కలగలిసిన టెరటోమా వచ్చినచో అవి అసలైనవని నమ్ముదురు.

ఆ పరీక్షయే ఒక హెచ్చరిక కూడ. మూలకణములను నాడీకణములుగనో, గుండె కండరముగనో మార్చి రోగులకు నాటవలెనని వైద్యులు ప్రయత్నించుచున్నారు. అట్లు మార్చునపుడు మారక మిగిలిపోయిన కొద్దిపాటి కణములైనను రోగి శరీరములో చేరినచో కంతిగ పెరుగవచ్చును. మూలకణ వైద్యము పేరున ఎక్కడపడితే అక్కడ, సరియైన పరీక్షలు లేకయే, డబ్బు తీసికొని సూదిమందు లిచ్చువారు నేడు లేకపోలేదు. వారి ప్రకటనలలో ఏ కణమునైనను సృష్టించు శక్తిని గురించి చాల ఉండును. టెరటోమా మాట ఉండదు. ఉపాధ్యాయులు తరగతిలో మూలకణముల ప్రసంగము వచ్చినపుడు ఈ రెండును ఒకే శక్తి యొక్క రెండు ముఖములని చెప్పుట మంచిది.

స్టీవెన్స్ మొదటి ప్రశ్నకు పూర్తి సమాధానము అతని పదవీ విరమణ తరువాత గాని రాలేదు. 129 వంశములో నుండి అతడు 1973లో ఒక ఉపవంశమును వేరుచేసియుండినాడు. అందులో మగ ఎలుకలలో ఇంచుమించు మూడింట ఒకదానికి ఈ కంతి వచ్చుచున్నది. ఇంత హెచ్చుటకు ఏదో ఒక్క జన్యువులో మార్పు కారణమని తెలిసినది, కాని ఆ జన్యువు ఏదో తెలియదు. టెరటోమా మాటలోని మొదటి అక్షరములను తీసికొని దానికి ‘టెర్’ అని పేరు పెట్టినారు. 2005లో అది దొరికినది. జెబ్రా చేపలలో అంతకు కొంచెము ముందు ఒక జన్యువు కనుగొనబడియుండినది. అది లేనిచో చేప పిండములో బీజకణములు దారి తప్పి నశించును. అందుచే దానిని ‘డెడ్ ఎండ్’, అనగా దారి మూసుకొనిపోయిన వీధి, అని పిలిచినారు. ఎలుకలోని టెర్ ఆ జన్యువునకు కలిగిన చెరుపే. ఇతర వంశములలో ఆ చెరుపు వలన బీజకణములు చచ్చి సంతానము లేకుండ పోవును, అంతే. 129 వంశములో మాత్రము మిగిలిన కొద్ది కణములు కంతులగును. అనగా ఆ వంశములో ఇంకను ఇతర జన్యువులేవో దీనికి తోడుపడుచున్నవి. వాటి వెదకులాట కొనసాగినది.

స్టీవెన్స్ 1989లో విరమించి, 2015లో మరణించినాడు. జన్మించిన ఏడు మొదలు లెక్క వేసినచో 95 సంవత్సరముల జీవితము. అందులో దాదాపు నాలుగు దశాబ్దములు ఒకే దీవిలో, ఒకే ఎలుకల వంశముతో గడచినవి. ఎలుకల వంశములకు పేర్లు పెట్టుటలో ఒక పద్ధతి కలదు: వంశము పేరు తరువాత దానిని సాకినవారి సంకేతాక్షరములు వ్రాయుదురు. 129 వంశపు శాఖలలో చాలవాటి పేర్లలో నేటికిని ‘ఎస్‌వి’ అను రెండక్షరములు కనిపించును. ఎలుకల పెట్టెలకు తగిలించిన చీటీలమీద, మూలకణముల సీసాలమీద, వేలాది పరిశోధన పత్రములలో అవి ఉన్నవి. వాటిని వ్రాయువారిలో చాలమంది అవి ఒక వంశపు సంఖ్యలో భాగమని అనుకొందురు. అవి స్టీవెన్స్ పేరులోని అక్షరములు.